పాత సిటీ జెడ్‌ఎక్స్ సీవీటీని మాన్యువల్‌గా మార్చడం సబబేనా?

మలక్‌పేట_పాతసిటీ అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మా ఇంట్లో 2006 మోడల్ హోండా సిటీ జెడ్‌ఎక్స్ ఉంది. 1.5 లీటర్ల ఐడీఎస్‌ఐ పెట్రోలు ఇంజిన్, సీవీటీ గేర్‌బాక్సు, అంటే విడివిడి గేర్లు లేని ఆటోమేటిక్. నంబరు ఇప్పటికీ ఏపీ 09తోనే మొదలవుతుంది. అప్పట్లో మా నాన్నగారి ఎడమ మోకాలికి ఆపరేషన్ అయినందువల్ల, క్లచ్ తొక్కే బాధ ఉండకూడదని ఆటోమేటిక్ తీసుకున్నాం. ఆయన బండి నడపడం మానేసి నాలుగేళ్లయింది, ఇప్పుడు నేను నడుపుతున్నాను. ఇంతవరకు 96,000 కిలోమీటర్లు తిరిగింది. ఇంజిన్ మీద చేయి వేయవలసిన అవసరం రాలేదు, ఏసీ చల్లగా ఉంది, అడుగుభాగంలో తుప్పు లేదు.

కష్టమంతా గేర్‌బాక్సుతోనే వచ్చింది. ఏడాదిన్నర కిందట మా పేటలోని ఒక మెకానిక్ దగ్గర సర్వీసింగు చేయించినప్పుడు గేర్‌బాక్సు ఆయిల్ కూడా మార్చమన్నాను. ఏ ఆయిల్ పోస్తున్నాడో అడగకపోవడం నా తప్పే. బిల్లులో “ఏటీఎఫ్ 3 లీటర్లు” (మామూలు ఆటోమేటిక్ గేర్‌బాక్సుల ఆయిల్) అని ఉన్న సంగతి చాలా రోజుల తరువాత చూశాను. రెండు నెలలు తిరిగేసరికి వణుకు మొదలైంది. సిగ్నలు దగ్గర ఆగి, బ్రేకు వదిలి, మెల్లగా యాక్సిలరేటరు నొక్కితే, గులకరాళ్ల మీద ఎడ్లబండి కదిలినట్టు బండంతా దడదడలాడుతుంది; వేగం 20 దాటిందంటే ఏమీ జరగనట్టు సాఫీగా సాగిపోతుంది. ఈ మధ్య రివర్సులో ఇంటి ర్యాంపు ఎక్కడానికి కూడా మొరాయిస్తోంది.

రెండు గ్యారేజీలలో అడిగాను. వాడిన సీవీటీ గేర్‌బాక్సు తెచ్చి బిగించడానికి ఒకరు 90,000 రూపాయలు అడిగి, నెల రోజుల గ్యారంటీ మాత్రమే ఇస్తామన్నారు. ఇంకొకరు “సీవీటీ తీసి అవతల పారేయండి, 65,000కి మాన్యువల్ చేసి ఇస్తాం” అన్నారు. ఇదే మోడల్ మాన్యువల్ బండి మంచి స్థితిలో ఉన్నది లక్షా ముప్పై వేలకు దొరికేలా ఉంది కాబట్టి, లెక్క చూస్తే మా బండి అమ్ముకోవడమే తెలివైన పని అని నాకూ తెలుసు. అయినా ఈ బండిని వదులుకోవడానికి ఇంట్లో ఎవరికీ మనసు ఒప్పడం లేదు. ఇలా మార్పించుకున్నవారు ఎవరైనా ఉంటే, ఏమేమి మార్చవలసి వచ్చింది, ఎక్కడ ఇబ్బంది పడ్డారు, ఆర్‌సీ సంగతి ఏమిటి అన్నవి చెప్పగలరా?

నూనెమరక ఇచ్చిన జవాబు:

మార్పిడి మాట తరువాత చూద్దాం. ముందు మీ బిల్లులో కనబడిన ఆ “ఏటీఎఫ్” సంగతి తేల్చుకోవాలి.

మామూలు ఆటోమేటిక్‌లలో ఇంజిన్ శక్తిని నూనె ద్వారా గేర్‌బాక్సుకు అందించే టార్క్ కన్వర్టర్ మీ బండిలోని సీవీటీలో ఉండదు. ఇంజిన్ నుంచి వచ్చే శక్తి రెండు పుల్లీల మధ్య బిగిసి ఉన్న ఉక్కు బెల్టు మీదుగా పోతుంది. బండి ఆగి ఉన్నప్పుడు చక్రాలను ఆ పుల్లీల నుంచి విడదీసి, కదిలేటప్పుడు మెల్లగా కలిపే పనిని స్టార్ట్ క్లచ్ అనే భాగం చేస్తుంది. అది పూర్తిగా నూనెలో మునిగి పనిచేసే క్లచ్ కాబట్టి, ఎంత జారాలి, ఎప్పుడు పట్టుకోవాలి అన్నది ఆ నూనె స్వభావం మీదే ఆధారపడి ఉంటుంది. మీ తరం సిటీకి హోండా చెప్పిన ద్రవం హెచ్‌ఎమ్‌ఎమ్‌ఎఫ్. దాని స్థానంలో మామూలు ఆటోమేటిక్ బండ్ల ఏటీఎఫ్ పోస్తే, ఆ క్లచ్ పట్టుకోవడానికీ జారడానికీ మధ్య క్షణక్షణం కొట్టుమిట్టాడుతుంది. మీరు చెబుతున్న వణుకు అచ్చం ఇదే: కదిలేటప్పుడు ఉంటుంది, క్లచ్ పూర్తిగా కలిశాక ఉండదు. తరువాతి తరం సీవీటీల కోసం వచ్చిన హెచ్‌సీఎఫ్-2 కూడా వేరే ద్రవం. దుకాణంలో “రెండూ ఒకటే సార్” అంటే నమ్మకండి.

అందువల్ల గేర్‌బాక్సు చచ్చిపోయిందని మీకు మీరే తీర్పు చెప్పుకునే ముందు, డ్రెయిన్ బోల్టు విప్పించి, ఆ బోల్టు చివరన ఉండే అయస్కాంతాన్ని మీ కళ్లతో చూడండి. దాని మీద కాటుకలాంటి నల్లటి ముద్ద ఉంటే భయపడనక్కర్లేదు, అది వాడకంలో వచ్చే సన్నటి అరుగుదల. వేలికి గుచ్చుకునే పెచ్చులు, వెండిరేకుల్లా మెరిసే ముక్కలు ఉంటే మాత్రం లోపల ఉక్కు ఉక్కును తిన్నదని అర్థం, ఇక దాని మీద డబ్బు పెట్టకండి. పెచ్చులు లేకపోతే సరైన ద్రవం నింపి, కొంత దూరం నడిపి, మళ్లీ దించి నింపండి. ఒక్కసారి బోల్టు విప్పితే లోపలి నూనె అంతా రాదు, కొంత లోలోపలే ఉండిపోతుంది కాబట్టి కనీసం రెండు మూడు విడతలు అవసరమవుతాయి. ఆ తరువాత స్కానరు పెట్టి స్టార్ట్ క్లచ్ కాలిబ్రేషన్ (దాని పట్టును మళ్లీ సరిచేయడం) చేయించాలి. ఇదంతా కలిపినా మీకు వచ్చిన కొటేషన్ల కన్నా చాలా తక్కువే అవుతుంది. సరైన నూనె వేళకు మారుస్తూ వచ్చిన ఈ గేర్‌బాక్సులు లక్ష కిలోమీటర్లు దాటి మర్యాదగా నడవడం నేను చూశాను.

ఆటోనగర్_షెడ్డు ఇచ్చిన జవాబు:

పై మిత్రులు చెప్పింది ముందు చేయండి. అది ఫలించకపోతేనే నేను చెప్పబోయేది చదవండి. మాకు విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో షెడ్డు ఉంది. ఆటోమేటిక్‌ను మాన్యువల్ చేసిన బండ్లు వేర్వేరు కంపెనీలవి ఇప్పటికి ఏడెనిమిది దాకా మా చేతుల మీదుగా వెళ్లాయి. వాటిలో సుఖంగా అయినవన్నీ, యజమాని ఒక పూర్తి పార్టుల బండిని తెచ్చి పక్కన నిలబెట్టినవే. విడివిడిగా గేర్‌బాక్సు ఒకచోట, పెడళ్లు ఇంకొకచోట, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటరు) మరొకచోట కొనుక్కుని వచ్చినవాళ్ల బండ్లు నెలల తరబడి జాకీల మీదే ఉన్నాయి. విడిభాగాల ధర తక్కువగానే కనబడుతుంది. అయితే మనకు కావలసింది ఎప్పుడూ మనం కొనని ఆ ఒక్క బ్రాకెట్టే అవుతుంది. కాబట్టి మీకు 65,000 అని చెప్పిన గ్యారేజీవారిని ఒకే ఒక ప్రశ్న అడగండి: “మాన్యువల్ బండి మొత్తం మీ దగ్గర ఉందా, లేక గేర్‌బాక్సు మాత్రమే ఉందా?”

పార్టుల బండి వెతికేటప్పుడు అది తప్పనిసరిగా ఐడీఎస్‌ఐ ఇంజిన్‌దే కావాలి. అదే బాడీలో వీటెక్ ఇంజిన్ సిటీ కూడా వచ్చింది, దాని ఈసీయూ మీ ఇంజిన్‌కు పనికిరాదు. ముందు గుద్దుకుని రేడియేటరు, బానెట్టు పోయిన బండి అయినా పరవాలేదు. నీట మునిగిన బండి మాత్రం వద్దు, ఎందుకంటే మనకు ఎక్కువగా కావలసింది దాని వైరింగే.

దాని నుంచి మీ బండికి రావలసినవి చెబుతాను. గేర్‌బాక్సు, ఫ్లైవీల్ (ఇంజిన్ చివర తిరిగే బరువైన చక్రం), గేర్‌బాక్సు వైపు ఇంజిన్ మౌంటింగూ దాని బ్రాకెట్టూ, రెండు డ్రైవ్ షాఫ్టులూ, బ్రేకు క్లచ్ పెడళ్లు రెండూ ఉన్న పెడల్ అసెంబ్లీ, పెడలు నొక్కుడును ద్రవం ద్వారా క్లచ్‌కు చేర్చే క్లచ్ మాస్టర్ సిలిండరు, స్లేవ్ సిలిండరు, వాటి మధ్య గొట్టం, గేర్ లివరు, దాని రెండు కేబుళ్లు, సెల్ఫ్ మోటారు, ఇంజిన్ వైరింగు, ఈసీయూ. డ్రైవ్ షాఫ్టులు చూడడానికి ఒకేలా ఉన్నాయని పాతవే తొడగడానికి ప్రయత్నించకండి. చక్రం వైపు పళ్లు సరిపోయినా గేర్‌బాక్సు వైపు పళ్లు, పొడవు సరిపోకపోవచ్చు; బలవంతాన తోస్తే మొదటి పెద్ద గుంటలో ఆ సంగతి బయటపడుతుంది. బ్రేకు పెడలు ఎందుకని అడుగుతారేమో. ఆటోమేటిక్ బండిలో అది వెడల్పుగా ఉంటుంది, పక్కన క్లచ్ పెడలు వచ్చాక కాలు ఒకేసారి రెండింటి మీద పడుతుంది.

ఫ్లైవీల్ దగ్గర అనుభవం లేనివాళ్లు చేసే పొరపాటు ఒకటి ఉంది. ఆటోమేటిక్ బండిలో ఇంజిన్ చివరన ఉండే ప్లేటును పట్టుకునే బోల్టులూ, మాన్యువల్ ఫ్లైవీల్‌ను పట్టుకునే బోల్టులూ పొడవులో ఒకటి కాకపోవచ్చు. ఒకసారి ఇలాగే పొట్టి బోల్టులు నాలుగు మరలు పట్టగానే “బిగిసింది” అనుకుని వదిలేసిన పని మా దగ్గరికి వచ్చింది. బోల్టులు వదులై, వాటి తలలు క్లచ్ ప్లేటు మధ్యభాగాన్ని గీసుకుపోయి, అద్దంలా మెరుస్తూ ఒక వలయం ఏర్పడింది. అందుకే ఫ్లైవీల్‌తో పాటు దాని బోల్టులు కూడా తీసుకోవాలి, టార్క్ రెంచితో బిగించాలి. కొన్ని ఇంజిన్లలో క్రాంకు (ఇంజిన్ ప్రధాన ఇరుసు) చివర చిన్న పైలట్ బేరింగు ఉంటుంది, ఆటోమేటిక్‌లో ఆ చోటు ఖాళీగా ఉంటుంది. విప్పినప్పుడు రెండు ఇంజిన్లనూ పక్కపక్కన పెట్టి చూసుకోవడం మంచిది. క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు మాత్రం కొత్తవే వేయండి. గేర్‌బాక్సు దించినప్పుడే క్రాంకు వెనుక ఆయిల్ సీలు, డ్రైవ్ షాఫ్టు సీళ్లు మార్చేయండి. సీలు ధర వందల్లో ఉంటుంది, దాని కోసం మళ్లీ గేర్‌బాక్సు దించితే కూలి వేలల్లో ఉంటుంది.

ఇక ఈసీయూ. పాతదాన్నే ఉంచితే లేని గేర్‌బాక్సు కోసం, దాని సోలినాయిడ్ల కోసం అది వెతుకుతూనే ఉంటుంది. దొరకక చెక్ ఇంజిన్ లైటు వెలిగిస్తుంది, ఐడిల్ కూడా సరిగా నిలవదు. మాన్యువల్ ఈసీయూ పెట్టాలంటే, తన తాళంచెవి కాకపోతే ఇంజిన్‌ను స్టార్టు కానివ్వని ఇమ్మొబిలైజరు అడ్డం వస్తుంది. అందుకే ఈసీయూ, తాళం చుట్టూ ఉండే ఇమ్మొబిలైజరు రింగు, తాళం సెట్టు, తాళంచెవి, ఇవన్నీ ఒకే బండివి కలిపి తీసుకోవాలి. తాళంచెవి పోయిన పార్టుల బండిని సగం ధరకు ఇచ్చినా వద్దనండి.

క్లచ్ మాస్టర్ సిలిండరుకు కావలసిన రంధ్రం గురించి బెంగపడకండి. చాలా కంపెనీలు రెండు రకాలకూ ఒకే బాడీ తయారుచేస్తాయి కాబట్టి, ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్య రేకు మీద ఆ చోటు మూతతోనో గుర్తుతోనో కనబడుతుంది.

పని మొత్తం ఇద్దరు మనుషులకు ఐదారు రోజులు పడుతుంది, అందులో రెండు రోజులు వైరింగుకే పోతాయి. డబ్బు లెక్కలో ఇది ఎప్పుడూ కలిసిరాదని పని ఒప్పుకునే ముందే ప్రతి యజమానికీ చెబుతుంటాను. ఆ మాట మీకూ చెబుతున్నాను.

కొత్తగూడెం_జెన్ ఇచ్చిన జవాబు:

నాది ఇంకా పాత కథ, అయినా ఒక్క విషయంలో మీకు పనికివస్తుంది. మా దగ్గర 1998 నాటి మారుతి జెన్ ఆటోమేటిక్ ఉండేది. 993 సీసీ ఇంజిన్, మూడే గేర్లు, కార్బురేటరు. ఈసీయూ గొడవ లేదు, ఇమ్మొబిలైజరు లేదు, క్లచ్ కూడా కేబులుదే. కాబట్టి అయిదు గేర్ల మాన్యువల్ బిగించడం మూడు రోజుల్లో అయిపోయింది.

ఆటోమేటిక్ బండి పార్కింగ్‌లోనో న్యూట్రల్‌లోనో ఉంటే తప్ప సెల్ఫ్ తిరగకుండా గేర్‌బాక్సు మీద ఒక స్విచ్ ఉంటుంది. గేర్‌బాక్సు పోయాక ఆ స్విచ్ కూడా పోతుంది కాబట్టి, మా మెకానిక్ ఆ రెండు వైర్లనూ కలిపి టేపు చుట్టేశాడు. బండి చక్కగా స్టార్టయింది, అందరం సంతోషించాం. సంక్రాంతికి మా మామగారు వచ్చారు. హ్యాండ్ బ్రేకు కాస్త వదులుగా ఉందని నేను బండిని మొదటి గేరులో ఉంచి దిగాను. ఆయనకు ఆ బండి ఆటోమేటిక్‌గానే గుర్తు. కిటికీలోంచి చేయి పెట్టి, “బ్యాటరీ ఎలా ఉందో చూద్దాం” అంటూ తాళం తిప్పారు. బండి ఒక్క గెంతు గెంతి తులసికోట అంచు పగలగొట్టి ఆగింది. కోట మీద మా అత్తగారు అప్పుడే వెలిగించిన దీపం మాత్రం ఆరలేదు. ఆ రోజంతా ఇంట్లో దాని గురించే మాట్లాడుకున్నారు, నా బంపరు గురించి ఎవరూ అడగలేదు.

మరునాడు పాత సామాను దుకాణం నుంచి ఒక చిన్న స్విచ్ తెచ్చి, క్లచ్ పెడలు పూర్తిగా తొక్కితేనే నొక్కుకునేలా బిగించి, ఆ రెండు వైర్లనూ దాని గుండా పంపించాం. మీ బండికి కూడా వైర్లు నేరుగా కలపనివ్వకండి. మీ నాన్నగారికి కూడా ఆ బండి ఆటోమేటిక్‌గానే అలవాటు కదా. రివర్స్ లైటు వైర్లు కూడా పాత స్విచ్‌లోవే కాబట్టి, వాటిని కొత్త గేర్‌బాక్సు మీది రివర్స్ స్విచ్‌కు మార్చడం మరవకండి. మేం మరిచిపోయి వారం తిరిగాం.

ఫారం25 ఇచ్చిన జవాబు:

ఆర్‌సీ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా యజమాని వాహనాన్ని మార్చకూడదు. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను గట్టిగానే వ్యాఖ్యానించింది. అది ప్రధానంగా వాహనం బాడీ నిర్మాణంలో చేసే మార్పులకు సంబంధించినదే అయినా, “చిన్న మార్పే కదా” అనే వాదనకు చోటు బాగా తగ్గింది. 2019 సవరణతో చేరిన 182ఏ సెక్షన్ కింద, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు.

గేర్‌బాక్సు రకానికి ఆర్‌సీలో ప్రత్యేకమైన గడి లేదు. అయితే తయారీదారు మోడల్ పేరు ఉంటుంది, ఖాళీ బండి బరువు ఉంటుంది. మీ కార్డులో మోడల్ పేరు పక్కన “సీవీటీ” అని ఉంటే, మార్పిడి తరువాత ఆ కార్డులోని మాటకూ బండిలోని వస్తువుకూ పొంతన ఉండదు. అందువల్ల పని మొదలుపెట్టకముందే మీ రిజిస్ట్రేషన్ అధికారికి దరఖాస్తు పెట్టుకుని, రాతపూర్వకంగా జవాబు తీసుకోవడం మంచిదని నా అభిప్రాయం. ఇన్సూరెన్సు కంపెనీకి కూడా ఉత్తరం రాయండి. థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉన్నా సరే రాయండి, ఎందుకంటే ప్రమాదం జరిగిన తరువాత ఆ విషయం బయటపడడం కన్నా ముందే మీరు చెప్పి ఉండడం మీకు రక్షణ.

మీది 2006 మోడల్ కాబట్టి పదిహేనేళ్లు నిండినప్పుడు ఒకసారి రెన్యువల్ అయి ఉంటుంది. రెన్యువల్ అయిదేళ్లకే ఇస్తారు, తరువాత ఫారం 25తో మళ్లీ తనిఖీకి వెళ్లాలి. పదిహేనేళ్లు దాటిన కార్ల రెన్యువల్ రుసుమును 2022 ఏప్రిల్ నుంచి 600 రూపాయల నుంచి 5,000కు పెంచారు, 20 ఏళ్లు దాటిన వాటికి తరువాత 10,000 చేశారు. ఈ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.

పార్టుల బండి కొంటే ఇంకొక బాధ్యత కూడా ఉంటుంది. ఇక పనికిరాకుండా పోయిన వాహనం సంగతి యజమాని 14 రోజుల్లోగా రిజిస్ట్రేషన్ అధికారికి తెలియజేయాలని 55వ సెక్షన్ చెబుతుంది. దాని గేర్‌బాక్సు తీసుకుని, మిగిలినదాన్ని తుక్కువాడికి తూకానికి వేసి ఊరుకుంటే, ఆ నంబరుప్లేటు ఎక్కడో ఒకచోట తేలి, పాత యజమాని ఇంటికి చలాన్లు వెళతాయి. రిజిస్ట్రేషన్ రద్దయ్యాకే బండిని వదలండి.

మలక్‌పేట_పాతసిటీ మళ్లీ రాశారు:

అందరికీ కృతజ్ఞతలు. నూనెమరక గారు చెప్పినట్టు డ్రెయిన్ బోల్టు నా ఎదుటే విప్పించాను. నూనె ఎర్రగా ఉండవలసింది కాఫీ డికాషన్‌లా దిగింది. అయస్కాంతం మీద నల్లటి ముద్ద ఉంది, దాన్ని గుడ్డతో తుడిస్తే కింద సూదిమొనల్లాంటి ముక్కలు నాలుగైదు నిలబడి ఉన్నాయి, ఒకటి నా చూపుడు వేలిలో దిగింది కూడా. అయినా ఆశ చావక సరైన ద్రవం తెప్పించి రెండు విడతలుగా మార్పించాను. వణుకు సగం తగ్గింది గానీ, రివర్సులో ర్యాంపు ఎక్కడం మాత్రం రాలేదు. మూడోసారి దించినప్పుడు మళ్లీ ముక్కలు కనబడ్డాయి. అక్కడితో మా నాన్నగారే, “ఇంక దానికి మందులు మాను” అన్నారు.

మలక్‌పేట_పాతసిటీ మూడు నెలల తరువాత రాశారు:

పని అయిపోయింది. ఎవరికైనా పనికివస్తుందని వివరంగా రాస్తున్నాను.

గుంటూరులో 2005 నాటి ఐడీఎస్‌ఐ మాన్యువల్ బండి దొరికింది. లారీ వెనుక గుద్దుకుని ముందుభాగం నలిగిపోయింది, ఇంజిన్ మాత్రం స్టార్టవుతోంది. తాళంచెవి ఉందా అన్నదే ముందు అడిగాను, ఉంది. బండికి 58,000, హైదరాబాదుకు తేవడానికి 9,000, పనికి 24,000, కొత్త క్లచ్ సెట్టు, సీళ్లు, నూనెలు, చిల్లర మల్లర 13,500 అయ్యాయి. రిజిస్ట్రేషన్ రద్దు చేయించిన తరువాత మిగిలిన బండిని అమ్మితే 26,000 వచ్చింది. నికరంగా 78,500 తేలింది. అంటే మొదట గ్యారేజీవారు చెప్పిన 65,000 కన్నా ఎక్కువే అయింది. అయితే వారిని ఆటోనగర్_షెడ్డు గారు చెప్పిన ప్రశ్న అడిగినప్పుడు, “గేర్‌బాక్సు ఉంది సార్, మిగతావి చూసుకుందాం” అన్నారు; ఆ మాట విన్నాక అక్కడ చేయించలేదు.

క్లచ్ సిలిండరు రంధ్రం విషయంలో ఆటోనగర్_షెడ్డు గారు చెప్పిందే నిజమైంది, పెడళ్ల వెనుక రేకు మీద చోటు సిద్ధంగానే ఉంది. స్టార్టు చేసే తాళం మాత్రమే మార్చడం వల్ల ఇప్పుడు తలుపులకు ఒక తాళంచెవి, స్టార్టు చేయడానికి ఒకటి వాడుతున్నాం. ఇంజిన్ వైరింగు మొత్తం పార్టుల బండిదే వేయడం వల్ల చెక్ ఇంజిన్ లైటు రాలేదు. క్లచ్ పెడలు కింద స్విచ్ పెట్టించాను, కొత్తగూడెం మిత్రులకు ప్రత్యేక కృతజ్ఞతలు. నాన్నగారు ఒకసారి డ్రైవింగు సీట్లో కూర్చుని, క్లచ్ రెండుసార్లు తొక్కి చూసి, “పరవాలేదు, మెత్తగానే ఉంది” అని దిగిపోయారు. నడుపుతానని మాత్రం అనలేదు.

నా ఆర్‌సీ కార్డులో “సీవీటీ” అని ఉంది. పని మొదలుపెట్టేముందే రెండు బండ్ల కాగితాల నకళ్లతో రిజిస్ట్రేషన్ అధికారికి దరఖాస్తు పెట్టి, ఇన్సూరెన్సు వారికి ఉత్తరం రాశాను. ఇన్సూరెన్సు వారి నుంచి అందినట్టు జవాబు వచ్చింది. రిజిస్ట్రేషన్ అధికారి జవాబు ఇంకా రావలసి ఉంది, అంతవరకు బండిని కాలనీ దాటించడం లేదు.

ఒక్క సందేహం మిగిలింది. మీటరు బోర్డులో పీ, ఆర్, ఎన్, డీ అక్షరాల వరుస ఇంకా అలాగే ఉంది, “డీ” దీపం అప్పుడప్పుడు మిణుకుమిణుకుమంటోంది. పార్టుల బండి మీటరు బోర్డు తీసి దాచాను. అది బిగించమంటారా?

ఆటోనగర్_షెడ్డు ఇచ్చిన జవాబు:

బిగించవద్దు. ఆ బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో ఆ బోర్డు అదే చూపిస్తుంది. మీ బండి 96,000 తిరిగింది. రేపు అమ్మినా, తనిఖీకి తీసుకెళ్లినా, ఆ అంకె ఎందుకు మారిందో ప్రతివారికీ వివరించవలసి వస్తుంది. మీ బోర్డే ఉంచుకుని, వెనుక నుంచి ఆ “డీ” దీపానికి వచ్చే వైరును మాత్రం వేరుచేసి, చివరకు టేపు చుట్టి, పక్కన కట్టేయమనండి. వైరు కత్తిరించనివ్వకండి, పిన్ను బయటికి లాగితే చాలు. పని పదిహేను నిమిషాలది; బోర్డు చుట్టూ ఉండే ప్లాస్టిక్ ఫ్రేము ఇరవై ఏళ్లకు పెళుసెక్కి ఉంటుంది కాబట్టి మధ్యాహ్నం ఎండలో కాసేపు నిలబెట్టి, మెత్తబడ్డాక లాగమని చెప్పండి.